ఎర్ర అద్దం

నలుపు తెలుపుల్లో స్లైడు తీయడమంటే ఏమిటో మా ఊళ్లో నాకొక్కడికే తెలుసని అప్పట్లో నాకు మహా గర్వం. మామూలు ఫిలిం కడిగితే నెగెటివ్ వస్తుంది, దాన్నుంచి కాగితం మీద ఎన్ని బొమ్మలైనా వేసుకోవచ్చు. స్లైడు అలా కాదు. కెమెరాలో పెట్టిన ఫిలిమే బొమ్మవుతుంది. తప్పు తీస్తే అంతే సంగతులు.

మద్రాసులో ఉన్న మేనమామ ఒకే ఒక్క రీలు పంపాడు, దాంతోపాటు లెన్సుకి బిగించే ఎర్ర అద్దం ఒకటి. అది పెడితే నీలాకాశం నల్లబడి మబ్బులు తెల్లగా పైకి లేస్తాయని ఉత్తరంలో రాశాడు. ఆ ముక్క చదివాక నాకు ఒకచోట కాలు నిలవలేదు. గుంటూరు పక్క బల్లపరుపు నేలలో పుట్టినవాడికి చూడడానికి ఆకాశం తప్ప ఏముంది? పత్తి, మిరప, మళ్లీ పత్తి. విసుగెత్తిపోయి ఉన్నాను.

నాన్న మాత్రం తన కల్లం తీయమన్నాడు. ఆ ఏడు పండినంత ఎర్రగా మిరపకాయ మాకు అంతకుముందెప్పుడూ పండలేదు. కల్లం నిండా ఆరబోసి, ఉతికిన పంచె కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను అద్దం కంటికి పెట్టుకుని చూసి, లెన్సుకి బిగించి, రీలంతా అక్కడే అవగొట్టాను.

ఫిలిం మద్రాసు వెళ్లి కడిగించుకుని వచ్చేదాకా కాలుకాలిన పిల్లిలా పోస్టాఫీసు చుట్టూ తిరిగాను. అది రాగానే, చర్చి బడి మాస్టారు ప్రొజెక్టరు ఇచ్చి, బడి గోడకి తెల్ల దుప్పటి కట్టించారు. నాన్న ఊరందరినీ పిలిచాడు. మర్నాడు మా కాయ కాటా వేసుకోవలసిన షావుకారు ముందు వరసలో కూర్చున్నాడు.

మొదటి స్లైడు పడింది. నల్లటి ఆకాశం, గుట్టలు గుట్టలుగా మబ్బులు. వాటి కింద కల్లం నిండా తెల్లటి కాయలు. ఎర్ర అద్దం పెట్టి తీస్తే ఎర్రటిదల్లా తెల్లబోతుందని మామయ్య రాయలేదు, నేనూ ఆలోచించలేదు.

"ఒరేయ్, వాన ముంచుకొస్తందిరా, కాయ ఎత్తండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు.

షావుకారు నవ్వలేదు. "కాయ తడిసిందని చెప్పలేదేమండీ? మొత్తం తాలైపోయిందిగా" అన్నాడు. రంగుపోయి తెల్లబడ్డ కాయని మా వైపు తాలు అంటారు.

"తడవలేదండీ" అన్నాడు నాన్న. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మిగతా స్లైడులూ అన్నీ అలాగే ఉన్నాయి.

తెల్లారి షావుకారు ప్రతి బస్తా విప్పించి, లోపలికంటా చెయ్యి పెట్టి చూశాడు. ఎండు కాయ గలగలలాడింది. కాటా వేసుకుని వెళ్లిపోయాడు. అయితే అన్నేళ్లుగా నాన్న మాట మీద కొన్న మనిషి, అంతకుముందు ఒక్క బస్తా విప్పించి ఎరగడు.

బస్తాలెత్తిన బండ్లు కదిలాక ఎర్ర అద్దం తెచ్చి నాన్నకిచ్చి, జరిగింది చెప్పాను. ఆయన ఒక మిరపకాయని తన తెల్ల పంచె మీద పెట్టుకుని, అద్దంలోంచి చూశాడు. కాయా పంచే ఒకటే అయిపోయాయి.

"తీసేముందు దీన్లోంచి చూశావుగా. కాయ ఇట్టా అయిపోతందని కనబడలా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు.

"నేను ఆకాశమే చూశాను నాన్నా."

ఆయన అద్దం నా చేతిలో పెట్టి, ఖాళీ కల్లం ఊడవడానికి వెళ్లాడు.