గోదావరి వంతెన మీద మొదలైన శిక్షణ

తణుకులో ప్యాసింజర్ ఎక్కేసరికి ఏడు కావస్తోంది. రాజమండ్రిలో ఒకరోజు శిక్షణ. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు ఒకే గదిలో కూర్చుని, రోగిని కలిసి చూసుకోవడం నేర్చుకుని, తిరిగొచ్చి విద్యార్థులకు నేర్పాలి. మా ఆసుపత్రి నుంచి ముగ్గురం బయలుదేరాం: జూనియర్ డాక్టర్లకు పాఠాలు చెప్పే శ్రీధర్ గారు, ఫార్మసిస్టు జాన్‌బాబు గారు, నర్సింగ్ ట్యూటర్‌ని నేను. వార్డు రౌండ్స్‌లో నర్సు నోరు విప్పితే శ్రీధర్ గారు సహించరు. అందుకే ఆయన్ని కిటికీ పక్కన వదిలేసి మేమిద్దరం అవతలి బెంచీ మీద కూర్చున్నాం.

నిడదవోలులో ఇడ్లీ పొట్లాలు కొనుక్కున్నాం. అక్కడే ఎక్కిన ఒక పెద్దాయన, ఆయన భార్య మా ఎదురుగా కూర్చున్నారు. ఆయనకి షుగరని, రక్తపరీక్షకు పరగడుపున రమ్మన్నారని ఆమె చెప్పింది.

కొవ్వూరు దాటి వంతెన ఎక్కాక పెద్దాయన మాట ముద్దగా వచ్చింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. చూస్తుండగానే భార్య మీదికి ఒరిగిపోయాడు. అదే సమయానికి బండి నది మధ్యలో ఆగిపోయింది.

శ్రీధర్ గారు పరుగున వచ్చి నాడి చూశారు. షుగర్ పడిపోయిందని చెప్పి, ఎవరో అందించిన కూల్‌డ్రింక్ సీసా ఆయన నోటి దగ్గర పెట్టబోయారు. పెద్దాయన పెదవి చివర నుంచి చొంగ కారుతోంది. గుటక వేయడం లేదు.

"ఆగండి డాక్టర్ గారూ. మింగట్లేదండి. ఊపిరితిత్తుల్లోకి పోద్ది," అన్నాను.

ఆయన నా వంక తీక్షణంగా చూశారు. తరువాత సీసా పక్కన పెట్టేశారు. ఇద్దరం కలిసి పెద్దాయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాం. టీ అమ్మే అతని దగ్గర పంచదార తీసుకుని, తడిపి, చిగుళ్లకు కొద్దికొద్దిగా రాశాను. డాక్టర్ గారు ఊపిరి మీద నుంచి చూపు తిప్పలేదు. బండి ఎప్పుడు కదిలిందో మాకు తెలియలేదు. పెద్దాయన కళ్లు తెరిచి భార్యను పేరుపెట్టి పిలిచాడు.

తేరుకున్నాడు కదా, తిరుగు బండికి ఇంటికి వెళ్లిపోతామంది ఆమె. ఈలోగా జాన్‌బాబు గారు ఆమె సంచిలోని షుగర్ మాత్రల అట్ట చూశారు. తిండి లేకుండా పొద్దున అదే వేసుకున్నాడట.

"ఒద్దండమ్మా. ఈ మాత్ర పని సాయంత్రం దాకా ఉంటదండి. మళ్లీ పడిపోవచ్చు," అన్నారు.

డాక్టర్ గారు వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు జాన్‌బాబు గారు ఆమెకు తన నంబరు ఇచ్చారు.

శిక్షణకు ఆలస్యంగా చేరాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పనిలో ఎదురైన సంగతి ఒకటి చెప్పమన్నారు. శ్రీధర్ గారు లేచి, తాను పోయబోయిన సీసా గురించి, అడ్డుపడిన నా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నేను తలెత్తలేకపోయాను.

సాయంత్రం తిరుగు బండిలో ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వంతెన దాటుతుండగా పెద్దాయన భార్య జాన్‌బాబు గారికి ఫోన్ చేసింది. మధ్యాహ్నం మళ్లీ షుగర్ పడిపోయిందట. గ్లూకోజ్ ఎక్కించారట, ఇప్పుడు అన్నం తింటున్నాడట. ముగ్గురిలో ఏ ఒక్కరం లేకపోయినా ఆ ఫోన్ ఇంకోలా వచ్చి ఉండేది.

తణుకు వస్తుంటే డాక్టర్ గారు అన్నారు: "సిస్టర్, సోమవారం మా జూనియర్ల క్లాసుకి మీరూ రండి. మీ నర్సింగ్ అమ్మాయిల్ని కూడా తీసుకురండి."