మల్లేశం చూపుడు వేలు

2023 వానాకాలం. అప్పుడు ఇస్నాపూర్‌లోని ఒక చిన్న స్కిన్ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీ కార్మికులే. పులిపిర్లను క్రయోథెరపీతో తీసేవాళ్లం. అంటే ద్రవ నైట్రోజన్‌తో పులిపిరిని కొన్ని సెకన్లు గడ్డకట్టించడం. కోత లేదు, కుట్టు లేదు. పొక్కి, రెండు వారాల్లో రాలిపోతుంది. ఒక్కోసారి మళ్లీ చేయాల్సి వస్తుంది. ఆ నైట్రోజన్ మాకు గురువారమే వచ్చేది.

మల్లేశం సోమవారం వచ్చాడు. నలభై దాటిన మనిషి, రసాయనాల కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు. కుడి చూపుడు వేలి కొసన శనగగింజంత పులిపిరి.

"సిస్టర్, జెర జల్దీ తీసెయ్యుండ్రి."

"గురువారం రండి. పులిపిరే కదా, కొంపలేం మునగవు," అన్నాను.

గురువారం వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. విప్పి చూశాను. కొస తెల్లగా పాలిపోయి, నడుమ గుంట పడింది.

"ఏం పెట్టారు?"

"యాసిడ్. మా ప్లాంట్‌ల ఓ పెద్దాయన అగ్గిపుల్ల ముంచి పెడ్తడు. అందరికీ ఆయనే తీస్తడు."

"బుద్ధుందా మీకు? మూడు రోజులు ఆగలేకపోయారా?" అని అరిచేశాను.

"ఏం జెయ్యాలె సిస్టర్? హాజరు మిషన్ల నా వేలిముద్ర పడ్తలేదు. బుధవారం దాక సూస్త, వేలు సాఫ్ జేస్కొని రాకుంటే గేటు దాటకు అన్నడు సూపర్‌వైజర్."

మా నాన్న ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో చేసిన రోజుల్లో హాజరుకు సంతకం చాలు. డ్రెస్సింగ్ కాగానే మల్లేశాన్ని నంబరు అడిగి, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.

"మిషన్‌లో మల్లేశం వేరే వేలు ఎక్కించొచ్చు కదా?"

"ఎక్కియ్యొచ్చు మేడం, రెండు నిమిషాల పని. ఆయన అడగలే గదా!"

నా ఒళ్లు మండిపోయింది. "మిషన్ సంగతి ఆయనకేం తెలుసు? తెలిసిన మీరెందుకు చెప్పలేదు?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. 'ఆయన అడగలే' అన్న ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

గాయం మానడానికి నెల దాటింది. వేలి కొసన గీతలు పోయాయి, స్పర్శ కూడా పోయింది. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా కళ్లతో చూసుకోవాల్సిందే.

అందరినీ తిట్టి నన్ను వదిలేస్తే ఎలా? సోమవారమే నైట్రోజన్ ఉన్నా, బుధవారానికి ఆ వేలు మిషన్‌లో పడేది కాదు. కానీ ఎందుకంత తొందర అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ ఫోను ఆ రోజే చేసేదాన్ని. ఇప్పుడు ఎవరు పులిపిరి చూపించినా, ముందు అది వాళ్లకు ఏ పనికి అడ్డమొస్తోందో అడుగుతాను.

చివరి డ్రెస్సింగ్ రోజు, "హాజరుకు ఇప్పుడు ఏ వేలు పెడుతున్నారు?" అన్నాను.

మల్లేశం ఎడమ చూపుడు వేలు ఎత్తి చూపించాడు. "ఒక్కసారికే పడ్తున్నది సిస్టర్," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ వేలు సోమవారం కూడా అతని చేతికే ఉంది.