పొట్టంటే ఏ పొట్టు?

పేరు బక్కయ్య, చేసే పని దున్నపోతుల్ని బలిపించడం. శామీర్‌పేట అవతల రేకుల కొట్టంలో లేత దున్నల్ని కట్టేసి మేపుతాడు, కండ పట్టాక మాంసం బేరగాళ్లకు అమ్ముతాడు. మనిషి మాత్రం ఎంత తిన్నా ఒంటబట్టని రకం. తిన్నదంతా భయానికే పోతుందని భార్య శంకరమ్మ ఎగతాళి చేస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఉరిమితే భయం, ఫోన్ మోగితే భయం, దున్న ఓ పూట నీళ్లు తక్కువ తాగితే భయం. అలాంటివాడి మాట ఎవరు వింటారు? నలుగురిలో బక్కయ్య నోరు తెరిచేసరికి మాట ఇంకొకరి దగ్గరికి దాటిపోయేది.

మేపడంలో మాత్రం అతనికో పద్ధతి ఉంది. ముందు వరిగడ్డి, ఆ తర్వాతే దాణా. దాణా అంటే తవుడు, నూకలు, మక్క పిండి. వాటితోపాటు బీరు ఫ్యాక్టరీ నుంచి ట్యాంకర్లో వచ్చే తడి పిప్పి. బార్లీ గింజల్లోంచి రసం తీసుకున్నాక మిగిలేది అది. అక్కడి కొట్టాల్లో దాన్ని అందరూ పొట్టు అనే అంటారు. పొట్టు అంటే వాళ్లకు ఇంకోటి గుర్తే రాదు.

ఈసారి వానలకు గడ్డివాము అడుగుదాకా నాని బూజు పట్టింది. గుండ్లపోచంపల్లి వైపు పొలాలన్నీ గోదాములైపోయాయి, అడుగుదామన్నా గడ్డి ఉన్నవాడు లేడు. బక్కయ్య జంకుతూనే పశువుల డాక్టరు మాధవీలతకు ఫోన్ చేశాడు. ఆమె అప్పుడు ఎక్కడో అడ్డం తిరిగిన దూడను బయటికి తీసే పనిలో ఉంది. "గడ్డి లేకపోతే పొట్టు బాగా పెట్టండి బక్కయ్య గారూ, దాణా తగ్గించండి" అని పెట్టేసింది.

బక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. గడ్డి మానేసి తొట్ల నిండా తడి పొట్టు పోశాడు. దాణా తగ్గిస్తే కండ తగ్గుతుందని మళ్లీ భయం, అందుకని నూకలు నామమాత్రంగానే తగ్గించాడు. అంతటితో ఆగినా బాగుండేది. పక్క కొట్టం పరమేష్ కూడా గడ్డి దొరక్క తిప్పలు పడుతున్నాడని, డాక్టరమ్మ చెప్పిన మాట అతనికీ చేరవేశాడు. పరమేష్ నిలబడి విన్నాడు. "మంచి మాట జెప్పినవ్ బక్కన్నా" అన్నాడు. బక్కయ్య ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు, పాపం.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఓ పొద్దున వెళ్లేసరికి పెద్ద దున్న కూలబడి ఉంది. నెమరు లేదు. ఎడమ డొక్క ఉబ్బిపోయి, తడితే డప్పులా మోగింది. పేడ అంబలిలా జారి పుల్లటి కంపు కొడుతోంది. బక్కయ్య కేకేశాడు.

"శంకరమ్మా! ఇది సచ్చిపోతాందే!"

"గట్ల ఒర్లకు. డాక్టరమ్మకు ఫోన్ జెయ్, జల్దీ!" అంది శంకరమ్మ.

మాధవీలత వచ్చింది. గొట్టం వేసి, తినే సోడా కలిపిన నీళ్లు దున్న కడుపులోకి దింపింది. "ఏం పెట్టారు?" అని అడిగింది.

"మీరు జెప్పిందే మేడం. పొట్టు."

"ఏ పొట్టు?"

బక్కయ్య తడి కుప్ప వైపు చెయ్యి చూపించాడు. ఆమె నెత్తి పట్టుకుంది.

"అయ్యో, నేనన్నది కంది పొట్టు, శెనగ పొట్టు! ఎండుది. అది గరుకుగా ఉంటేనే దున్న నెమరేస్తుంది, నోట్లో జొల్లు ఊరుతుంది, కడుపులో పులుపు విరుగుతుంది. ఇది మెత్తగా జారిపోతుంది. పైన నూకలొకటి. లోపలంతా పులిసిపోయింది."

"బతుకుతదా?"

"ఇప్పుడే చెప్పలేను. దగ్గరే ఉండండి."

అప్పుడు గుర్తొచ్చాడు పరమేష్. బక్కయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇన్నేళ్లూ తనకేమవుతుందోనని భయపడ్డాడు గానీ, తన మాటకు ఇంకొకరి కొట్టంలో ఏమైందోనని భయపడటం ఇదే మొదలు. నోరు మూసుకుంటే నింద డాక్టరమ్మ మీదికే పోతుందని కూడా ఒక్క క్షణం అనిపించింది. అనిపించలేదంటే నేను నమ్మను.

"ఇది గిట్ల పడి ఉండంగ యాడికి పోతవ్?" అంది శంకరమ్మ.

"పరమేష్ కొట్టంకు. దీన్ని నువ్వు జూస్కో. మేడం, జర మీరు గూడ రండి."

అనుకున్నంతా అయింది. పరమేష్ కొట్టంలో ఒక దున్న నోరు తెరిచి ఒగరుస్తోంది, ఇంకోటి మోకాళ్ల మీద కూలుతోంది. డాక్టరమ్మను చూడగానే పరమేష్ ఎగిరిపడ్డాడు. "మీ మాట ఇనే గద పెట్టిన! ఏం డాక్టరువమ్మా నువ్వు?"

"ఆమె జెప్పింది ఎండు పొట్టు, తమ్మీ" అన్నాడు బక్కయ్య. "నేనే వేరే తీరు ఇన్న. నీకు గూడ నేనే జెప్పిన. తప్పు నాది."

పరమేష్ చేతిలో కర్ర ఉంది. బక్కయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. "దీని మూతి పట్టు" అని పరమేష్ గొంతు మాత్రం వినిపించింది.

బక్కయ్య ఒగరుస్తున్న దున్న మూతి పైకెత్తి పట్టుకున్నాడు, డాక్టరమ్మ గొట్టం దించింది. సగం నీళ్లు పోయకముందే దాని మెడ బరువంతా అతని చేతుల మీద పడిపోయింది. ఇక ఊపిరి లేదు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఎత్తగానే శంకరమ్మ అరుపు, "లేసిందయ్యా! మనది లేసి నిలవడ్డది, నెమరేస్తాంది!"

పరమేష్‌కు వినపడకుండా బక్కయ్య ఫోన్ గబుక్కున చెవికి అదుముకున్నాడు. సంతోషం వచ్చింది, దాని వెంటే సిగ్గు వచ్చింది. తలెత్తలేకపోయాడు.

"మీది లేసిందా?" అన్నాడు పరమేష్.

బక్కయ్య తలూపాడు.

పరమేష్ చచ్చిన దున్నను ఓసారి చూశాడు. తర్వాత బకెట్ తీసుకుని, మోకాళ్ల మీదున్న దాని వైపు నడిచాడు.

"మరి గాడనే కూసున్నవేంది? రా బక్కన్నా. గిది ఇంక బతికే ఉన్నది."