వెర్మిచెల్లి అన్నందుకు మా అన్నకు పడిన తిట్లు

యుద్ధకాలంలో మా అన్నకు బెంగళూరులో ఇటలీ ఖైదీల క్యాంపులో పని. వాళ్ల వంటకు సరుకులు కొలిచి ఇచ్చేవాడు. క్రిస్మస్‌కు సెలవు దొరికితే నన్ను చూడ్డానికి కోడుమూరు పక్కనున్న మా అత్తవారి ఊరికి వచ్చాడు.

నేను కాపురానికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. మా అత్త నోట ఒక్క మంచి మాట విని ఎరగను. సేమ్యాను మేము శ్యావిగెలంటాం. గోధుమపిండి పిసికి, వేళ్లతో నలిచి నేను మొదటిసారి తీసిన శ్యావిగెలను చూసి, "ఇవి శ్యావిగెలా, ఎద్దుల పలుపులా?" అని బర్రె ముందు పోసింది. ఈ ఇంట్లో నన్ను ఎప్పటికైనా తమ మనిషిగా చూస్తారా అన్నదే ఆనాటి నుంచీ నా దిగులు. పండుగకు పట్టుబట్టి మళ్లీ చేశాను. రెండు రోజులు నడుము విరిగింది గానీ దారాల్లా వచ్చాయి.

చర్చి నుంచి వచ్చి అందరూ కూర్చున్నారు. ప్రార్థన కాగానే బెల్లం పాయసం వడ్డించాను. మా అన్న ఒక్క జుర్రు జుర్రి, కళ్లు మూసుకొని, "వెర్మిచెల్లి" అన్నాడు.

మా అత్తకు అది "వెర్రి చెల్లి" అని వినబడింది.

గిన్నె ఠపీమని కింద పెట్టింది. "ఏమప్పా, ఎవర్ని వెర్రిదంటాండావు? రెండు దినాలు కూడూ నీళ్లూ మరిసి చేసినాది ఆ పిల్ల. అన్నవైతే మీ ఇంట్లో. ఈడ మా కోడల్ని ఒక మాటంటే ఊరుకోను."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

మా అన్న బెదిరిపోయాడు. "పిల్లను కాదత్తా, శ్యావిగెల్ని అన్నా. ఇటలీవోళ్లు వీటిని అట్లంటారు."

"అంటే ఏమప్పా?" అని మా మామ అడిగాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు గదా! మా అన్నకు అబద్ధం రాదు. "వాళ్ల మాటలో వెర్మె అంటే పురుగంట మామా. ఇవి సన్నగా ఉంటాయి గదా, అందుకని సన్న పురుగులని పేరు పెట్టినారంట."

మా మామ చెయ్యి నోటి దగ్గరే ఆగింది. అందరూ గిన్నెల్లోకి చూసుకున్నారు.

మా అత్త కూడా తన గిన్నెలోకి తొంగి చూసింది. తర్వాత మిగిలింది గటగటా తాగేసి ఖాళీ గిన్నె నా ముందుకు జరిపింది.

"పురుగులైతే ఏమి? మా పిల్ల చేసినాది. ఇంకో గరిటె పొయ్యి."

పోశాను. సంతోషంలో గిన్నెను కాక ఆమె మొహాన్నే చూస్తూ పోస్తే సగం ఆమె కొంగు మీద పడింది. ఆమె మామూలుగానే తిట్టింది. నాకు నవ్వు ఆగలేదు.