అమావాస్యనాడు ఆయాసం తగ్గే చాంద్‌బీ

మా అమ్మాయి రుచితకు పిల్లికూతలు వచ్చినప్పటి నుంచి ఎవరి ఊపిరి చప్పుడైనా నా చెవిన పడుతోంది. తాండూరులో మా పక్కింటి చాంద్‌బీ ఊపిరి కూడా అలాగే పడింది. ఆమె పదకొండేళ్లుగా పప్పు మిల్లులో ఖాళీ గోనెసంచులు దులుపుతోంది. మళ్లీ పప్పు నింపాలంటే పాత దుమ్మంతా కర్రతో కొట్టి రాల్చాలి. ఉబ్బసం, ఆమె మాటలో దమ్ము, మొదలై మూడేళ్లయింది.

అందరికీ అమావాస్యకు ఆయాసం పెరుగుతుందంటారని, తనకు మాత్రం ఆ రోజే హాయిగా ఉంటుందని నవ్వుతూ చెప్పేది. చంద్రుడు లేకపోవడమే మందని నమ్మింది. నేను రెండు నెలలు గమనించాను. అమావాస్యకు మిల్లు బంద్.

ఆ మాట చెబితే ఆమె కొట్టిపారేయలేదు, భయపడింది. ఏం పని చేస్తావని డాక్టరు అడిగిన ప్రతిసారీ ఇంటిపనేనని చెబుతోందట. దమ్ము మనిషని మిల్లులో తెలిస్తే తీసేస్తారని.

మరి మేనేజర్ బాల్‌రాజ్ ఇన్‌హేలర్ చొక్కా జేబులోనే పెట్టుకొని తిరుగుతాడు కదా అన్నాను.

"ఆయన అద్దాల రూముల కూసుంటడు టీచరమ్మా. ఆయనకు దమ్మొస్తే బీమారి. నాకొస్తే పని చాతగాదంటరు."

ఊపిరితిత్తుల పాఠం ఏటా చెబుతాను. ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వస్తానన్నాను.

ఆ వారం ఇద్దరం వికారాబాద్ ఆస్పత్రికి రైలెక్కాం. ధారూర్ దాటేదాకా ఆమె కిటికీలోంచే చూసింది. డాక్టరు మామూలు ప్రశ్న వేశాడు. చాంద్‌బీ తలుపు వైపు ఓసారి చూసింది.

"పప్పు మిల్లుల గోనెసంచులు దులుపుత సారూ. పదకొండేండ్లాయె."

ఆయన రాయడం ఆపి, ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. మందు మార్చాడు. ఆ మందు చీటీ మీదే, దుమ్ముకు దూరంగా పని ఇవ్వమని రాశాడు.

చీటీ నాలుగు రోజులు కొంగుముడిలోనే ఉంది. ఐదో రోజు బాల్‌రాజ్ చేతిలో పెట్టింది. ఆయన మందు పేరు చదివి, తనదీ అదేనన్నాడట. మర్నాటి నుంచి ఆరుబయట సంచులు కుట్టే పనిలో వేశాడు. కూలి తక్కువే. ఆయాసం పూర్తిగా పోలేదు గానీ, బిందెతో మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగడం లేదు.

సంచులు దులపడానికి మొగులమ్మను పెట్టారు. ఇరవై ఆరేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. మొదటి రోజే చాంద్‌బీ ఆమె ముక్కుకు గుడ్డ కట్టి, గాలికి ఎదురు నిలబడొద్దని చెప్పిందట.

"దగ్గొస్తే నాకు చెప్పు బిడ్డా. దాచకు."