మా వరండాకి రాగి దోనె

దువ్వాడలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు వరండాకి పెంకుల కప్పు వేయించాం. పెంకుల మీంచి జారే వాననీళ్లు గోడ మీద పడకుండా చూరు పొడుగునా రేకు దోనె పెట్టించాను. ఉప్పుగాలికి అది తుప్పుపట్టి చిల్లులు పడింది. మారిస్తే రెండోదీ అంతే అయింది. వానలు వెళ్లేసరికి తెల్లగోడ నిండా ఎర్రటి చారలు.

"ఈసారి రాగిది ఏయించండి," అంది మా ఆవిడ.

"మన ఇల్లేటి, గుడి గోపురమా?"

"మాయమ్మ కాడ రాగిబిందుంది. నాను పుట్టకముందుది. ఇప్పటికీ సిల్లు పడనేదు."

తగరపువలసలో బిందెలు చేసే కంచరి ఒకాయన ఉన్నాడంటే ఇద్దరం వెళ్లాం. "దోనె ఎప్పుడూ సెయ్యనేదమ్మా. సేసి సూద్దాం," అని ఆయన నవ్వి, రెండు రకాల రేకులు తెచ్చిచూపించాడు. మా ఆవిడ బిందె కొనేటప్పటిలాగే వేలి కణుపుతో కొట్టిచూసి మందపుదే తీయించింది. కొబ్బరిమట్ట పడితే పల్చటిది సొట్టపోతుందని ఆవిడ లెక్క. రాగి పక్కన ఇనుము తొందరగా పాడవుతుందని దోనెని చూరుకి పట్టి ఉంచే కొక్కేలు కూడా రాగివే చేయించాం.

నేను పనిచేసేది ఉక్కు ఫ్యాక్టరీలో. దోనె సంగతి తెలిసి అక్కడ అందరూ నవ్వారు. "ఉక్కు తీసేవోడివి, రాగి ఎక్కించావేటి బావా!"

కొన్ని నెలలకే మెరుపు పోయి దోనె గోధుమరంగుకి తిరిగింది. నాకు మనసొప్పలేదు. చింతపండు, ఉప్పు పట్టుకుని ఆదివారాలు నిచ్చెనెక్కేవాణ్ణి. కింద నిచ్చెన పట్టుకుని నిలబడీ నిలబడీ మా ఆవిడ ఓరోజు విసుక్కుంది.

"దేవుడి సామాన్లే ఇన్నిసార్లు తోమను. ఒగ్గీండి! నీళ్లు పోడానికి పెట్టామా, మొకం సూసుకోడానికా?"

ఆ రోజుతో తోమడం మానేశాను. ఇప్పుడది ముదురు రంగుకి తిరిగి, అతుకుల దగ్గర కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. నాకూ అదే బాగుంది. వానలకి ముందు వేపాకులు తీసి, బకెట్టుతో నీళ్లు పోసి అతుకులు చూసుకుంటాం. అంతే పని.

పోయిన వానాకాలం తుపాను వానకి మూల దగ్గర నీళ్లు పొంగి పొర్లాయి. అతుకు విడిపోయిందనుకున్నాను. వాన తెరిపిచ్చాక ఎక్కిచూస్తే దోనెలోంచి నీళ్లు కిందికి దిగే గొట్టం మూతిలో కాకి కుక్కిన సాక్సు ఒకటి! మా ఆవిడ దాన్ని ఉతికి, ఆరేసి, పిట్టగోడ మీంచి పక్కింటావిడకి చూపించింది.

"ఓలమ్మో, మాయనదే! నానే పారేసీసానని ఇల్లెగరగొట్టీసారు," అందావిడ.

ఇద్దరూ గోడకి ఆనుకుని చాలాసేపు నవ్వుకున్నారు. నేను నిచ్చెన మళ్లీ వేసి, గొట్టం మూతికి చిన్న రాగి జల్లెడ బిగించాను.