గొంతు రాలేదన్నాను

ఐదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఏళ్ళు గడిచేకొద్దీ మరిచిపోతాననుకున్నాను, బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పాడేరులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతాను. తెలుగులో, కొత్తవాళ్ళకు, ఉచితంగా. ఆ ‘ఉచితంగా’ అన్న మాటను ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో! ఐదేళ్ళ కిందట ఒక ఆదివారం పాఠం లూప్. అంటే ఒకే పనిని, ఒక షరతు తీరేదాకా, కంప్యూటరు చేత మళ్ళీ మళ్ళీ చేయించడం. గంటసేపు నోరు నొప్పెట్టేలా చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు చిలకమ్మ మైకు ఆన్ చేసింది. కాఫీ తోటలున్న ఒక కొండ ఊరి పిల్ల, ఇంటరయ్యి ఇంట్లో ఉండేది.

“సెట్టు సుట్టూ తిరుగుతాం కదా మేడం. ఎర్ర పండయితే కోత్తాం, పచ్చిదయితే ఒగ్గేత్తాం. ఎర్రది ఒక్కటీ నేదంటేనే పక్క సెట్టుకెల్తాం. లూపంటే అదే కదేటి?”

అందరికీ అర్థమైపోయింది. నేను “సరే” అని తరువాతి పాఠంలోకి వెళ్ళిపోయాను.

వీడియో పెట్టేటప్పుడు ఆమె మాటను కోసేశాను. అదే పోలికను నా గొంతుతో, ‘చెట్టు చుట్టూ’ అని శుభ్రంగా చెప్పి అతికించాను. ఎందుకు? ఆమె యాస విని జనం నవ్వుతారని, నేనేదో ఆ పిల్లను కాపాడుతున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మా అమ్మా ‘సెట్టు’ అనే అంటుంది, దానికి నేనెప్పుడైనా నవ్వానా? అసలు సంగతి కడుపుమంట. అంత చక్కటి పోలిక నాకు తట్టలేదని. “ఎంత బాగా చెప్పారు మేడం” అని చూసినవాళ్ళంతా రాస్తుంటే, నాది కాదని ఒక్కరికీ చెప్పలేదు.

చిలకమ్మ ఫోన్ చేసింది.

“మేడం, ఈడియోలో నా మాట నేదేటి?”

“నెట్‌వర్క్ బాగోలేదమ్మా. రికార్డింగులో నీ గొంతు రాలేదు.”

మన్యంలో ఈ అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు. ఆమె కూడా అనుమానించలేదు. పైగా నొచ్చుకుంది.

“అయ్యో, నా సిగ్నలే తప్పు మేడం. ఈపాలి నుంచి కొండెక్కి మాటాడతాను.”

అన్నట్టే ఎక్కింది. వానాకాలంలో కూడా. ప్రతి ఆదివారం ఆమె మాటల వెనక గాలి హోరు వినబడుతుంటే నేను వాల్యూమ్ తగ్గించుకుని పాఠం చెప్పాను. అప్పుడే చెప్పేస్తే ఏం పోయేది? పరువా? ఎవరిచ్చిన పరువు అది?

పోయిన నెల వాళ్ళ ఊరు వెళ్ళాను. చిలకమ్మ ఇప్పుడు తానే పాఠాలు చెబుతోంది, వాళ్ళ యాసలోనే, ఉచితంగానే. ఊళ్ళోకి టవరు వచ్చింది, నా ఫోనులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. కానీ ఆమె ల్యాప్‌టాప్ నెత్తిన పెట్టుకుని కొండెక్కుతోంది. వెనక నలుగురు ఆడపిల్లలు. ఆయాసపడుతూ నేనూ ఎక్కాను.

“కిందన మాటాడితే రికార్డింగులో గొంతు రాదర్రా, మా మేడమే సెప్పినారు,” అని వాళ్ళకు నన్ను చూపించింది.

సిగ్గుతో చచ్చిపోయాను. నా అబద్ధం ఆ ఊళ్ళో పాఠమైపోయింది.  అయినా ఆమె ఇచ్చిన రాగి అంబలి తాగి, నిజం చెప్పకుండానే దిగి వచ్చేశాను.

ఈ ఆదివారం పొద్దున పాత ఫైలు వెతికి తీశాను. ఆమె గొంతు స్పష్టంగా ఉంది. పాఠంలో దాన్ని మళ్ళీ పెట్టి, కింద ఆమె పేరు రాసి, ఫోన్ చేశాను. ఆ రోజు నెట్‌వర్క్ బాగానే ఉందని, నీ మాట కోసేసింది నేనేనని చెప్పాను.  ఆమె “కలాసుకి టైమైపోనాది మేడం,” అని పెట్టేసింది.

క్షమించిందనుకోను. క్షమించమని నేను అడగలేదు కూడా. కానీ చెప్పేశాను, ఐదేళ్ళకు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం ఆమె కొత్త పాఠం వచ్చింది. వెనక గాలి హోరు లేదు. కోళ్ళు అరుస్తున్నాయి, ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. తన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది. చివరిదాకా విన్నాను. ఒక్క మాట కూడా తెగలేదు.